పదమూడు మూలలు

బుచ్చిరెడ్డిపాలెంలో మా లేతు షెడ్డుకి ఎదురుగా
కోదండయ్య రైసుమిల్లు.
వడ్లు పైకి మోసే చైను
ఇరవై రెండేళ్ళుగా నా గోడకి
కనపడని మేకులు కొడుతోంది.

"ఏందబ్బయ్యా, దీని నోరు మూయించలేవా?"
ఆయన చెవుల కోసం అడగలేదు.
పక్క సందులో కొత్తగా బడి పెట్టారు,
అయ్యవారు కాగితం రాసి పంపాడు.

గ్రీజు పూసి చూశాను.
రెండ్రోజులు ఊరుకుంది,
మూడోరోజు వడ్డీతో సహా మొదలెట్టింది.

ఆదివారం మిల్లు ఆపించి
రేకు మూత విప్పి, పక్కన గొంతుక్కూర్చుని
చేత్తో తిప్పాను, ఒక్కో లింకూ.
అప్పుడు అర్థమైంది.
చక్రం అంటాం గానీ
చైనుకి అది చక్రం కాదు.
పదమూడు పళ్ళంటే పదమూడు మూలలు.
మూలమూలకీ కాస్త లేస్తుంది, కాస్త పడుతుంది,
గతుకుల్లో ఆటో ఎక్కిన బాలింతలాగా.
పడ్డప్పుడల్లా ఒక టక్కు.
సుద్దముక్కతో నేలమీద లెక్కేశాను:
నిమిషానికి రెండువేల మూడువందల నలభై.

పళ్ళు పెంచాలి. పెంచితే చక్రం పెరుగుతుంది,
చక్రం పెరిగితే మూత పట్టదు.
కాబట్టి లింకు చిన్నది చెయ్యాలి.
చిన్న లింకు ఒక్కటే ఆ బరువు మొయ్యలేదు,
రెండు వరసలు జోడీగా కట్టాలి.
ఇరవై మూడు పళ్ళు.
దెబ్బలు తగ్గవు, నాలుగు వేలు దాటతాయి.
కానీ వడగళ్ళ వాన వేరు, తుంపర వేరు.

పళ్ళు బేసి, లింకులు సరి.
ఒకే లింకు వచ్చి ఒకే పంటిని
తిప్పితిప్పి కొట్టకూడదు,
అరుగుదల అందరికీ పంచాలి అనేవాడు
నాకు పని నేర్పిన మీరాసాయెబు.
ఆయన చెప్పింది పళ్ళ సంగతే.
నేను ఇంకా కొన్నిచోట్ల వాడుకుంటుంటాను.

పంటి వరసకి రెండు పక్కలా రబ్బరు కట్టు వేశాను,
ఇనుము ఇనుమును తాకేలోపు
మెత్తనిదేదో ముందు పట్టుకోవాలని.
ఇక బిగువు.
మరీ లాగితే ఏడుస్తుంది, వదిలేస్తే గంతులేస్తుంది.
బొటనవేలితో నొక్కితే వేలిమందం దిగాలి.
దీనికి పుస్తకంలో లెక్కుంది,
నాకు బొటనవేలుంది.

మంగళవారం పొద్దున మోటారు వేశాం.
కరెంటు పోయిందేమోనని
హమాలీలు బయటికొచ్చి లైటుకేసి చూశారు.
బెల్టు గాలి, జల్లెడ ఊగే చప్పుడు,
మొలగొలుకులు గొట్టంలో జారే సర్రుమనే సద్దు,
ఇవన్నీ ఇన్నాళ్ళూ ఇక్కడే ఉన్నాయన్నమాట.

కోదండయ్య నా భుజం తట్టాడు.
ఆపరేటరు చెంగల్రాయుడు మాత్రం
మొహం ముడుచుకున్నాడు.
"నేను చెవితో నడిపేవాణ్ణన్నా దీన్ని.
కింద వడ్లు ఇరుక్కుంటే గొంతు మారేది,
పరిగెత్తేవాణ్ణి.
ఇప్పుడు దీనికి గొంతే ల్యా."
నాకు ఆ సంగతి తోచనే లేదు.
మీటరు పెడతాలే అన్నాను.
మీటరు దగ్గినట్టు చెప్పదు గదా అన్నాడు.

అప్పుడే వినిపించింది.
తవుడు గొట్టం వెనక నుంచి,
పొడిగా, తెంపు లేకుండా, చైను లాగే
లెక్క తప్పకుండా.

"ఎవురది?" కోదండయ్య.
చీపురు పట్టుకుని వెంగమ్మ ముందుకొచ్చింది,
రెప్పల మీద తవుడు.
"నేనే అయ్యా."
"ఎప్పట్నించి?"
"మా చిన్నోడు పుట్టక ముందు నించీ."
చిన్నోడు ఆ కొత్త బళ్ళోనే
మూడో తరగతి.

కోదండయ్య చైను వైపు చూశాడు,
తప్పు దానిదే అన్నట్టు.
అది ఏమీ అనలేదు.
అనకుండా చేసింది నేనే.

సుద్దముక్క జేబులో వేసుకుని టేపు తీశాను.
తవుడు గొట్టం కింద సందు
ఎనిమిది అంగుళాలు.
వెంగమ్మ టేపు రెండో కొస పట్టుకుంది,
మధ్యలో ఒకసారి వదిలేసి
మళ్ళీ పట్టుకుంది.